డిష్‌వాషర్: గట్టు మీద పెట్టే చిన్నదా, కింద నిలబెట్టే పెద్దదా? ఏది మేలు?

విశాఖపట్నం మధురవాడలో మా చెల్లెలింట్లో గట్టు మీద పెట్టుకునే 8 ప్లేస్ సెట్టింగుల మెషిన్ ఉంది. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో కింద నిలబెట్టే 14 సెట్టింగులది. రెండిట్లోనూ అంట్లు వేసి తీశాను కాబట్టి ముందే చెప్పేస్తున్నా: రెండు పూటలా వండుకునే ఇల్లయితే, చోటుంటే, పెద్దదే తీసుకోండి. ఇంట్లో ఉండేది ముగ్గురే అయినా సరే.

అసలు ఆ 8, 14 అనే లెక్కతోనే మనం మోసపోతాం. ఒక సెట్టింగ్ అంటే ఒక మనిషికి టేబుల్ మీద పెట్టే పెద్ద ప్లేటు, సూపు ప్లేటు, చిన్న ప్లేటు, కప్పు, సాసరు, గ్లాసు, చెంచాలు, ఫోర్కు. అందులో కుక్కరు లేదు, మూకుడు లేదు, పప్పు గిన్నె లేదు, ఇడ్లీ రేకులు లేవు. మన ఇళ్లలో తిన్న కంచాలు మూడైతే వండిన గిన్నెలు పది. "ముగ్గురే కదా మేడమ్, 8 చాలు" అని షాపులో చెబితే చెల్లెలు నమ్మింది. ఇప్పుడు కంచాలు, గ్లాసులు దాంట్లో వేసి కుక్కరూ మూకుడూ చేత్తో తోముకుంటోంది, అంటే కష్టమైన పని కష్టంగానే మిగిలిపోయింది.

నేను కొనడానికి ద్వారకానగర్ వెళ్లినప్పుడు సంచిలో మా మూకుడు, ఒక స్టీలు కంచం పట్టుకెళ్లాను. మీరూ అదే చేయండి, ఏమీ అనుకోరు. కింది బుట్టలో ప్లేట్లు నిలబెట్టడానికి పుల్లలుంటాయి చూడండి, అవి పల్చటి ప్లేట్ల కోసం దగ్గర దగ్గరగా ఉంటాయి, మన కంచానికేమో నిలువు అంచు. ఒక మోడల్లో కంచం పెడితే పక్క సందు కూడా మూసుకుపోయింది. ఇంకోదాంట్లో పుల్లలు పడుకోబెట్టుకోవచ్చు, పై బుట్ట ఎత్తు మార్చుకోవచ్చు, మూకుడు బోర్లించినా నీళ్లు చిమ్మే రెక్క తగలకుండా తిరిగింది. నేను అదే తీసుకున్నాను.

చిన్నది ఎవరికి మంచిదంటే, అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లకోసారి మారేవాళ్లకి, ఒక పూటే వండుకునే పెద్దవాళ్లిద్దరికి. నీళ్లు పోయే పైపు సింకులో వేసుకుంటే చాలు, గోడ కొట్టక్కర్లేదు. చిన్నవి 20 వేల పైచిలుకు నుంచి దొరుకుతాయి, పెద్దది 40 వేలకు అటూ ఇటూ. కానీ గట్టు మీద మిక్సీ, స్టవ్వు పోగా ఎంత మిగులుతుందో, పైనున్న కబోర్డు తగలకుండా ఉంటుందో లేదో టేపు పెట్టి కొలుచుకోండి. పెద్దదానికి 60 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు, 85 దాకా ఎత్తు కావాలి. నీళ్ల సంగతికొస్తే పెద్ద తేడా లేదు, నిండా వేసిన పెద్ద మెషిన్ కూడా పొదుపు ప్రోగ్రాంలో ఇంచుమించు 10 లీటర్లతో కడిగేస్తుంది, అంటే అర బక్కెట.

ఇక మన ఊళ్లో సైజు కంటే ముందు చూడాల్సింది నీళ్లు. అపార్టుమెంట్లలో కార్పొరేషన్ నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి, ఎండాకాలం ట్యాంకరు కూడా. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే గ్లాసుల మీద తెల్లటి పొర కడుతుంది. దాన్ని ఆపడానికే మెషిన్ లోపల సాఫ్ట్‌నర్, దానికో ఉప్పు. వంటింటి ఉప్పు వేయకూడదు, డిష్‌వాషర్ ఉప్పు అని వేరేగా అమ్ముతారు. మాకు మెషిన్ బిగించిన అబ్బాయి "అంట్లు కడగడానికి వేసే సబ్బు బిళ్లలోనే ఉప్పుంది, వేరే అక్కర్లేదు" అన్నాడు. రెండు నెలలకి గాజు గ్లాసులన్నీ మజ్జిగ పోసి కడగనట్టు తయారయ్యాయి. నిమ్మఉప్పు నీళ్లలో నానబెడితే పోయింది, అప్పటినుంచి ఉప్పు అయిపోనివ్వడం లేదు. చిన్న మోడళ్లు కొనేటప్పుడు సాఫ్ట్‌నర్ ఉందో లేదో మోడల్ పేరు పెట్టి అడగండి. ఇంకోటి, ఆర్వో అబ్బాయి దగ్గరుండే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, ఈ కాల్షియం, మెగ్నీషియంల కాఠిన్యాన్ని విడిగా చెప్పదు, దానికి వేరే పరీక్ష పట్టీలుంటాయి. సముద్రం ఒడ్డున బోరు నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటే మాత్రం సాఫ్ట్‌నర్ ఆ ఉప్పుని తీయదు, స్టీలుకి అది మంచిది కాదు, కార్పొరేషన్ లైను కలిపించుకున్నాకే మెషిన్ గురించి ఆలోచించండి.

వంజరం పులుసు చేసిన రోజు 70 డిగ్రీల ప్రోగ్రాం పెడితే జిడ్డూ నీచు వాసనా రెండూ పోతాయి, ఇది నిజంగా చాలా హాయి. పులుసు కాచిన మట్టి దాక మాత్రం లోపల పెట్టొద్దు, సబ్బు పీల్చేస్తుంది. ఇనప పెనం, ఇత్తడి, చెక్క తెడ్లు కూడా వద్దు, అల్యూమినియం గిన్నెలు నల్లబడతాయి. ముళ్లు, కరివేపాకు దులిపి పెట్టండి. కింది జల్లెడ వారానికోసారి తీసి కడగాలి, మొదటిసారి తీసినప్పుడు ఆవాలు, కరివేపాకు ముద్దకట్టి వేలితో గీకితేగానీ రాలేదు.

పనిమనిషి ఉంటే ఎందుకంటారా? మా అమ్మాయమ్మ ఇప్పటికీ వస్తుంది, ఇల్లు తుడుస్తుంది, ఇనప పెనం తోముతుంది. ఆమె రాని రోజు రాత్రి పదకొండింటికి సింకు ముందు నిలబడే టెన్షన్ మాత్రం మాకు పోయింది. చెల్లెలు వచ్చే ఏడు సొంత ఫ్లాటులోకి మారుతోంది. వంటింట్లో సింకు పక్కన 60 సెంటీమీటర్ల ఖాళీ, 16 ఆంపుల ప్లగ్గు, నీళ్లు పోయే పైపు ఇప్పుడే పెట్టించమని చెప్పాను.