చాందినీ చౌక్: నడకకు బాగుంది, బసకు వద్దు

ఢిల్లీలో ఉండేది రెండు రోజులే, షాపింగ్‌కి దగ్గరగా ఉంటుందని చాందినీ చౌక్ బజారు చివర ఫతేపురి మసీదు పక్క సందులో హోటల్ బుక్ చేశాను. కారు గుమ్మం దాకా వస్తుందని ఫోన్లో చెప్పారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా పెద్ద రోడ్డు మీద మోటారు బండ్లు రాకూడదన్న ముక్క మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నం రెండింటికి క్యాబతను దూరంగానే దింపేశాడు. రెండు సూట్‌కేసులు, మోకాళ్ల నొప్పుల అమ్మ, నేను. రిక్షా అతను అడిగినంతా ఇచ్చేశాను, బేరమాడే ఓపిక లేదు. గదికి కిటికీ లేదు. తొమ్మిది దాటగానే సరుకు బండ్ల హారన్లు మొదలయ్యాయి, ఇక నిద్రెక్కడిది!

రోడ్డు మాత్రం నిజంగా మారింది. పదేళ్ల క్రితం ఇక్కడ ఆకాశం కనపడేది కాదు, అన్నీ వైర్లే. 2021 సెప్టెంబరులో కొత్త రూపంలో తెరిచాక, ఎర్రకోట నుంచి ఫతేపురి దాకా సుమారు 1.3 కిలోమీటర్లు ఎర్రరాతి పరుపు మీద తీరిగ్గా నడవొచ్చు. అమ్మ శీష్‌గంజ్ గురుద్వారా దాకా నడిచిందంటే నేనే నమ్మలేదు. షాజహాన్ కూతురు జహనారా కట్టించిన ఈ బజారు నడుమ ఒకప్పుడు కాలువ పారేది. ఇప్పుడు అక్కడ ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి. చాందినీ అంటే వెన్నెలే గానీ, ఆ వెన్నెల సంగతి మర్చిపోవాలి. నిషేధం ఉన్నా బైకులు దూరుతూనే ఉన్నాయి, చూసుకుని నడవండి.

సందులోకి తిరిగితే మళ్లీ పాత ఢిల్లీయే. కినారీ బజార్లో తలమీద వైర్ల గుత్తులు, భుజాలు రాసుకునే జనం. కానీ జరీ అంచులు, లేసులు కొనాలంటే అక్కడికే వెళ్లాలి. అమ్మ గంటన్నర కదల్లేదు. మసాలా దినుసుల బజారు ఖారీ బావ్లీలో మిర్చి ఘాటుకి గుంటూరు మనిషి కూడా తుమ్మింది.

రెండో రాత్రికి కరోల్ బాగ్ మారాం. అక్కడి నుంచి మెట్రోలో రాజీవ్ చౌక్‌లో మారితే చాందినీ చౌక్ స్టేషన్, సామాను గొడవే లేదు. ముందే ఇలా చేయాల్సింది. ఆదివారం చాలా షాపులు తెరవరు, సోమవారం ఎర్రకోట మూసి ఉంటుంది. లేసు అర మీటరు తక్కువైందని హైదరాబాదు వచ్చాక తెలిసింది. అమ్మ ఇంకా నన్నే అంటోంది.