ప్లేఆఫ్స్‌లో ఏది మేలు? ఐసోలేషనా, పిక్ అండ్ రోలా, హ్యాండాఫా?

జూన్‌లో ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ వచ్చాయంటే వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా బ్యాచ్‌కి పొద్దున్న ఆరింటికే టెన్షన్. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదిన్నర అంటే మనకు సరిగ్గా ఆరు. ఫైనల్స్ మ్యాచ్ అయ్యాక బీచ్ రోడ్డులో టీ తాగుతూ ఏటా ఒకటే గొడవ: బంతి స్టార్ చేతికిచ్చి మిగతా నలుగురూ పక్కకు తప్పుకోవాలా (అదే ఐసోలేషన్), స్క్రీన్లు పెట్టి, అంటే డిఫెండర్ దారికి ఒకడు అడ్డం నిలబడి ఆడాలా (అడ్డం నిలబడ్డవాడే తర్వాత రిమ్ వైపు దూసుకెళ్తే పిక్ అండ్ రోల్)? వెనకటికి అభిమానం కొద్దీ వాదించుకునేవాళ్లం. ఇప్పుడు ప్రతివాడి ఫోన్‌లోనూ ప్లే టైప్ లెక్కలున్నాయి. గొడవ తగ్గలేదు సరికదా, దశాంశాలు కూడా వచ్చి చేరాయి.

ఆ లెక్క చూడ్డానికి తేలికే. ఒక రకం ఎత్తుగడతో ముగిసిన పొసెషన్లు (బంతి మన చేతికొచ్చిన విడతలు) ఎన్ని, వాటిలో వచ్చిన పాయింట్లు ఎన్ని, భాగిస్తే ఎంత. మూడు పాయింట్ల షాట్ 36 శాతం పడితే ఒక్కో ప్రయత్నానికి 1.08. మధ్య దూరం నుంచి వేసే రెండు పాయింట్ల షాట్ 42 శాతం పడినా 0.84 మాత్రమే. 75 శాతం వేసేవాడికి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దొరికే అడ్డులేని షాట్లు, ఒక్కోటి ఒక పాయింట్) దొరికితే 1.5. అందుకే ఫౌల్ రాబట్టుకునేవాళ్లంటే కోచ్‌లకు అంత ముద్దు.

చిక్కంతా ‘ముగిసిన’ అన్న దగ్గరే ఉంది. గార్డ్ (బంతి నడిపేవాడు) స్క్రీన్ వాడుకుని లోపలికి దూసుకెళ్లాడు, ఇద్దరు డిఫెండర్లు మీదికొచ్చారు, మూలన ఖాళీగా ఉన్నవాడికి పాస్ ఇచ్చాడు, వాడు త్రీ వేశాడు. లెక్కల్లో ఇది స్పాట్ అప్ (నిలబడిన చోటే పాస్ అందుకుని వేసే షాట్) ఖాతాలో పడుతుంది, పిక్ అండ్ రోల్ ఖాతాకు ఏమీ రాదు. వండినవాణ్ణి వదిలేసి వడ్డించినవాణ్ణి మెచ్చుకున్నట్టు. ‘స్పాట్ అప్‌కి ఎక్కువ పాయింట్లు వస్తున్నాయి కదా, అదే ఎక్కువ ఆడొచ్చుగా’ అనే మాట ఇక్కడే తేలిపోతుంది. స్పాట్ అప్ దానంతటది పుట్టదు.

ముందు ఐసోలేషన్ సంగతి. దీన్ని తిట్టడం ఫ్యాషనైపోయింది గానీ, 2017-18 హ్యూస్టన్ రాకెట్స్ దీంతోనే 65 మ్యాచ్‌లు గెలిచింది, వాళ్ల స్టార్ జేమ్స్ హార్డెన్‌కి ఎంవీపీ (సీజన్ మేటి ఆటగాడి అవార్డు) వచ్చింది. ఆ ఏడాది అతని ఐసోలేషన్, చాలా టీముల పిక్ అండ్ రోల్ కంటే ఒక్కో పొసెషన్‌కి ఎక్కువ పాయింట్లు తెచ్చింది. ఫైనల్స్‌కి ముందు మెట్టైన వెస్ట్ ఫైనల్‌లో గోల్డెన్ స్టేట్ మీద 3-2 ఆధిక్యం. ఆ తర్వాత తొడ కండరం పట్టేసి రాకెట్స్ రెండో స్టార్ క్రిస్ పాల్ చివరి రెండు మ్యాచ్‌లూ ఆడలేదు. ఏడో మ్యాచ్‌లో వరసగా 27 త్రీలు తప్పాయి, మొత్తం 44 వేస్తే పడ్డవి 7. ఆ సీజన్‌లో వాళ్ల త్రీల సగటు 36 శాతం. ఆ లెక్కన పదహారు దాకా పడాలి, అంటే ఇరవై ఏడు పాయింట్ల తేడా. ఓడింది తొమ్మిదితో, 92-101. కాబట్టి తప్పంతా ఐసోలేషన్‌దే అనలేం. కాకపోతే భారమంతా ఇద్దరి మీదే మోపి, వాళ్లలో ఒకడు బెంచీకి పరిమితమైతే మిగిలినవాడి కాళ్లలో ఎంత సత్తువ ఉంటుంది? మూడో క్వార్టర్ 33-15తో గోల్డెన్ స్టేట్ పట్టుకుపోయింది.

పిక్ అండ్ రోల్ అన్నిటికన్నా సురక్షితంగా కనిపిస్తుంది. కానీ ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ దశలో, ఏడు మ్యాచ్‌ల దాకా ఎదురుగా ఒకే టీమ్, విరుగుడు ఆలోచించుకోడానికి బోలెడు టైమ్. 2024 ఫైనల్స్‌లో బోస్టన్ చేసింది చూడండి. డాలస్ బలమంతా లూకా డాంచిచ్ పిక్ అండ్ రోల్, దాన్నుంచి వచ్చే లాబ్‌లు (రిమ్ దగ్గరికి గాల్లోకి లేపే పాస్‌లు), మూలల నుంచి త్రీలు. బోస్టన్ స్క్రీన్ దగ్గర కాపలా మనుషుల్ని మార్చుకుంది, అదే స్విచ్. సాయానికి పరిగెత్తకుండా షూటర్ల దగ్గరే నిలబడింది. ‘నీ పాయింట్లు నువ్వు వేసుకో, మిగతావాళ్లకు మాత్రం ఇవ్వం’ అన్న తీరు. అలా స్విచ్ చేస్తే పిక్ అండ్ రోల్ చివరికి ఐసోలేషన్‌గానే మిగులుతుంది. సిరీస్ 4-1తో బోస్టన్‌దే.

నా ఓటు డెన్వర్ ఆడే ఇద్దరి ఆటకి, అంటే బంతి చేతి నుంచి చేతికి అందించే హ్యాండాఫ్‌కి. నికోలా యోకిచ్ ఫ్రీ త్రో గీత పక్కన బంతి పట్టుకుని నిలబడతాడు. మూల నుంచి జమాల్ మర్రే పరిగెత్తుకొచ్చి చేతిలోంచి బంతి అందుకుంటాడు. డిఫెండర్ వెనక నుంచి చుట్టి వస్తే మర్రే అక్కడే త్రీ వేస్తాడు. అంటుకుని వెంటపడితే లోపలికి దూరతాడు. ఇద్దరూ మర్రే మీద పడితే బంతి తిరిగి యోకిచ్‌కి, అక్కడి నుంచి ఫ్లోటరో (డిఫెండర్ మీదుగా మెత్తగా లేపే షాట్), రిమ్ దగ్గర కాచుకున్న ఆరన్ గోర్డన్‌కి లాబో. సరే, స్విచ్ చేద్దామా? చిన్న గార్డ్ వెళ్లి యోకిచ్ వీపుకి ఆనుకుంటాడు, పాపం. 2023 ఫైనల్స్ మూడో మ్యాచ్‌లో మయామీ మీద యోకిచ్ 32 పాయింట్లు, 21 రీబౌండ్లు, 10 అసిస్టులు. మర్రే 34, 10, 10. ఒకే టీమ్‌లో ఇద్దరు ఒకే మ్యాచ్‌లో ముప్పై పాయింట్ల ట్రిపుల్ డబుల్ (పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడూ రెండంకెల్లో) కొట్టడం ఎన్‌బీఏలో అదే మొదలు. ఈ ఆటకి ఉన్న ఒకే ఒక్క లోటు, పాస్ ఇవ్వగల యోకిచ్ లాంటి పొడగరి అందరికీ దొరకడు.

పరుగు మీద ఆడే ట్రాన్సిషన్ అన్నిటికన్నా లాభసాటి, అందులో వాదన లేదు. కాకపోతే అది మనం కావాలన్నప్పుడు దొరికేది కాదు, అవతలివాడు షాట్ తప్పాలి, లేదా బంతి పోగొట్టుకోవాలి.

మరి మన వైజాగ్ కుర్రాళ్ల మాటేమిటి? సాయంత్రం కోర్టుకెళ్తే సగం మంది హార్డెన్ స్టెప్ బ్యాక్ (వెనక్కి అడుగేసి కొట్టే షాట్) వేస్తూ కనిపిస్తారు. సముద్రపు గాలి కొడుతుంటే ఆరుబయట ఆ షాట్ ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. చెమటకి బంతి చేతిలో జారుతుంటే హ్యాండాఫ్ కూడా అంత తేలిక కాదు. మన దగ్గర డిఫెండర్లు ఒకరికొకరు అరిచి చెప్పుకోవడం తక్కువ. స్క్రీన్ తగలగానే ఇద్దరూ ఒకడి వెంటే పడతారు, రెండోవాడు రిమ్ కింద ఒంటరిగా ఉంటాడు. అందుకే లోకల్ టోర్నమెంట్‌కి మామూలు పిక్ అండ్ రోలే మేలు, స్క్రీన్ పెట్టినవాడు కదలకుండా నిలబడితే చాలు. కదిలాడా, ఫౌలే. ఐసోలేషన్ మాత్రం షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) ఆరు సెకన్లలోపుకి దిగితేనే.

నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు ఒక్కో పొసెషన్‌కి రెండు గళ్లు పెట్టుకోండి: షాట్ ఎలా ముగిసింది, మొదట డిఫెన్స్‌ని కదిలించింది ఏది. రెండో గడి ఫోన్‌లో దొరకదు, బెంచీ మీద కూర్చున్నవాడే పెన్ను పట్టుకుని నింపాలి.