మైకు అందనివాళ్ల ప్రశ్నలు పైకి వచ్చాయి

సభలో కూర్చున్నవాళ్లు ఫోన్ నుంచే ప్రశ్నలు, ఓట్లు పంపే టూల్స్ స్లైడో, మెంటిమీటర్ లాంటివి; అవి ఏం చేస్తాయో ఈపాటికి చాలామందికి తెలుసు. పోల్స్, క్విజ్, వర్డ్ క్లౌడ్ జోలికి నేను వెళ్లను. మా సంఘం సభల ఏర్పాట్లలో ఈ రకం టూల్‌ను చాలాకాలంగా వాడుతున్నాం. నాకు ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది మాత్రం ఒక్కదానితోనే: ప్రశ్నలకు సభలోవాళ్లే ఓట్లు వేసే పద్ధతి.

ఇదివరకు ప్రశ్నల సమయం వస్తోందంటేనే టెన్షన్. మైకు ఎప్పుడూ ముందు వరసవాళ్ల చేతికే వెళ్లేది. అందుకున్నవాళ్లు ప్రశ్న వదిలేసి ఉపన్యాసం మొదలుపెట్టేవారు. వెనక కూర్చున్న కొత్త సభ్యులు నోరు విప్పేవారే కాదు. ఇప్పుడు ఫోన్‌లో టైప్ చేస్తారు, ఇష్టం లేకపోతే పేరు ఇవ్వరు. ఒక సభలో "పోయినేడు ఇస్తామన్న శిక్షణ ఏమైంది?" అని ఎవరో అడిగారు. చూస్తుండగానే ఆ ప్రశ్న ఓట్లు కూడగట్టుకుని తెర మీద అన్నిటికంటే పైకి వచ్చేసింది. కార్యదర్శిగారికి దాన్ని దాటేసే వీల్లేకపోయింది. దానికి కేటాయించిన డబ్బు దేనికి మళ్లిందో, శిక్షణ ఎప్పుడు పెడతారో సూటిగా చెప్పారు. పాత పద్ధతిలో అయితే ఆ ప్రశ్న వినపడేదే కాదు.

ఒక రోజు మధ్యాహ్నం మాత్రం మొత్తం ఆగిపోయేంత పని అయింది. ఉదయం బ్రహ్మాండంగా నడిచింది. భోజనాలయ్యాక వచ్చినవాళ్ల ఫోన్లు హాలు వైఫైలో చేరడం లేదు. సిగ్నల్ నిండుగా ఉంది, పాస్‌వర్డ్ సరైనదే, అయినా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్ ప్రతి ఫోన్‌కూ ఇచ్చే నంబర్) కోసం చూస్తూ అక్కడే తిరుగుతున్నాయి. పక్కనే ఉదయం నుంచి కూర్చున్నవాళ్ల ఫోన్లకు ఏ ఇబ్బందీ లేదు. అందరూ టూల్‌నే తిట్టారు. హాలు నెట్‌వర్క్ చూసే కుర్రాడు సెట్టింగ్స్ తెరిచాక అసలు సంగతి తెలిసింది. ఆ నెట్‌వర్క్‌లో ఉండేవే 254 అడ్రస్‌లు, అందులో ఒకటి రౌటర్‌ది. ఒకసారి ఇచ్చిన అడ్రస్ 24 గంటలు ఆ ఫోన్ పేరిటే ఉంటుంది. ఉదయం వచ్చి వెళ్లిపోయినవాళ్ల ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల పేరిట అన్నీ అయిపోయాయి! గడువు గంటకు తగ్గించి, రౌటర్ రీస్టార్ట్ చేశాక గానీ కొత్తవాళ్లు చేరలేదు. ఈలోగా కొత్తగా వచ్చినవాళ్లలో మొబైల్ డేటా ఉన్నవాళ్లే ఓట్లేశారు. ఇప్పుడు హాలు బుక్ చేసేటప్పుడు నెట్ స్పీడ్ కంటే ముందు ఒకేసారి ఎన్ని ఫోన్లు చేరగలవో అడుగుతున్నాం.

ఓట్ల పద్ధతిని ఇంత మెచ్చుకున్నా, దానికీ ఒక లోపం ఉంది. మొదట్లో వచ్చిన ప్రశ్నలే ఓట్లన్నీ పోగేసుకుంటాయి. జనం పైన కనిపించేవి చదివి ఓటేస్తారు కాబట్టి, ఆఖర్లో వచ్చిన మంచి ప్రశ్న అడుగునే ఉండిపోతుంది. అందుకే సగం సమయం గడిచాక కొత్తవి పైన కనపడేలా జాబితా మారుస్తున్నాం. పేరు అడగం కాబట్టి అప్పుడప్పుడు వ్యక్తిగత దూషణలూ వస్తాయి. తెర మీదికి పంపే ముందు చదివి వదలడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి కార్యవర్గంలోవాళ్లు కాకూడదు. వాళ్లే అయితే, శిక్షణ ఏమైందన్న లాంటి ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

మా సభలకు రెండు మూడు వందల మంది వస్తారు, చాలామందికి ఒకరితో ఒకరికి పరిచయం ఉండదు. అలాంటి చోట డబ్బు కట్టి వాడినా సబబే అనిపిస్తోంది. ముప్పై మంది ఉండే కమిటీ మీటింగ్‌కు మాత్రం నేను దీన్ని తీసుకెళ్లను, అక్కడ చెయ్యెత్తి అడగడమే బాగుంది.