ఏడు మల్లెలెత్తు కారు ఇచ్చేసి ఏనుగును తెచ్చుకున్నాను: నాలుగేళ్ల వాడకం

లోటస్ ఎలీజ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు అమ్మేసి పాత బీఎమ్‌డబ్ల్యూ ఎం3 కొన్నానని చెప్పగానే తెలిసినవాళ్లలో సగంమంది "ఇన్నాళ్లకు బుద్ధొచ్చింది" అన్నారు. మిగతా సగం పరామర్శకు వచ్చినట్టు మొహాలు పెట్టారు. ఇప్పటికి నాలుగేళ్లయింది. ఎం3 మీద 61,000 కిలోమీటర్లు తిరిగాను. ఆ రెండు జట్లకూ చెప్పాల్సింది చాలానే పోగైంది.

మార్చడానికి కారణం మామూలుదే. పాప పుట్టింది. ఎలీజ్‌లో సీట్లు రెండే.

ఆ కారు సంగతి ముందు చెప్పకపోతే ఈ కారు గురించి ఏం చెప్పినా సగమే అవుతుంది. నాది 2005 మోడల్ 111ఆర్. ఆరేళ్లలో 38,000 కిలోమీటర్లు నడిపాను. బరువు 860 కిలోలు. కథల్లో రాజకుమార్తెను ఏడు మల్లెపూలతో తూచేవారు కదా, కార్లలో ఆ రాజకుమార్తె ఇదే. అల్యూమినియం దూలాలను వెల్డింగ్ లేకుండా ఎపాక్సీ జిగురుతో అతికించి చేసిన దాని చాసీ (కారు అస్థిపంజరం) 68 కిలోలు, అంటే నాకంటే తక్కువ. సీట్ల వెనక టయోటా చేసిన 1.8 లీటర్ల ఇంజన్, 192 హార్స్‌పవర్. పవర్ స్టీరింగ్ లేదు. అవసరమూ లేదు, ముందు చక్రాల మీద బరువుంటేగా! ముందు టైర్ల వెడల్పు 175 మిల్లీమీటర్లు, చిన్న ఫ్యామిలీ కారుకు వేసేంత.

నలభైలో పోతున్నా రోడ్డు అతుకు ఏ పక్క టైరు కింద పడిందో అరచేతులకు తెలిసిపోయేది. మలుపు మధ్యలో రోడ్డు కాస్త వాలితే స్టీరింగ్ కూడా ఆ మేరకు బిగిసేది, లేదా వదులయ్యేది. వేగంతో పనే లేదు. మందుల షాపుకు వెళ్లొచ్చినా ఏదో సాధించుకొచ్చినట్టు ఉండేది.

ఇబ్బందులు లేవని కాదు. ఎక్కి దిగడం ఒక యోగాసనం. వాన వచ్చేలా ఉంటే గుడ్డ పైకప్పు ముందే తొడుక్కోవాలి. డిక్కీ ఇంజన్‌కు వెనక ఉంటుంది కాబట్టి గంట నడిపేసరికి అందులోని సామాను వెచ్చబడుతుంది. హైవే ఎక్కాక పక్కవాళ్లతో మాటలు ఆగిపోతాయి, వినపడితే కదా. వీటికి విసిగి అమ్మలేదు. నిజం చెప్పాలంటే వీటిని కూడా గొప్పగా చెప్పుకుని తిరిగినవాణ్ణే.

కొత్త కారుకు నేను పెట్టుకున్న షరతులు నాలుగు తలుపులు, చేతి గేరు, పైదాకా తిరిగే ఇంజన్. మూడోది ఉంటే ఎంపిక దానంతటదే కుంచించుకుపోతుంది. చివరికి 2009 నాటి ఎం3 సెడాన్ దగ్గర ఆగాను, ఆ తరానికి కంపెనీ పెట్టిన కోడ్ ఈ90. షోరూముల్లో అమ్మిన ఎం3లలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ఉన్నది ఈ ఒక్క తరానికే. 4.0 లీటర్లు, టర్బో లేదు, 8,300 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 420 హార్స్‌పవర్, ఒక్కో సిలిండర్‌కు విడిగా ఒక్కో థ్రాటిల్ (గాలిని లోపలికి వదిలే తలుపు). చిత్రమేమిటంటే ఈ వీ8 బరువు 202 కిలోలే, ముందు తరంలోని ఆరు సిలిండర్ల ఇంజన్ కంటే 15 కిలోలు తక్కువ. "తేలిక" అన్న మాట కోసం చెవులు రిక్కించుకుని ఉన్నవాడికి ఆ ఒక్క అంకె చాలు, పడిపోవడానికి. (కూపే మోడల్‌కు కార్బన్ ఫైబర్ పైకప్పు ఇచ్చి, సెడాన్‌కు ఉక్కు పైకప్పుతో సరిపెట్టారు. అది మాత్రం ఇప్పటికీ మింగుడు పడలేదు.)

2014లో వచ్చిన తర్వాతి తరం కొనమని చాలామంది చెప్పారు. అందులో ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 400 నుంచి 550 న్యూటన్ మీటర్లకు పెరిగింది. రోజువారీ వాడకానికి అదే మేలన్నది ఒప్పుకుంటాను. నడిపి చూశాను కూడా. అడగ్గానే ఉన్నదంతా చేతిలో పెట్టేసింది. ఎలీజ్‌లో 6,200 ఆర్‌పీఎమ్ దాటాక వాల్వులను తెరిచే క్యామ్ మారి ఇంజన్ గొంతే మారిపోయేది. ఆ చివరి రెండు వేల ఆర్‌పీఎమ్ కోసం గేరు మార్చకుండా బిగబట్టుకు కూర్చోవడం ఆరేళ్ల అలవాటు నాకు. అడగ్గానే దొరికితే రుచేముంది?

ఇక అంకెల సంగతి. 420 అనగానే 192కు రెండింతల పైమాటే అనుకుంటాం. బరువుతో భాగిస్తే వేరే బొమ్మ కనబడుతుంది. ఎలీజ్‌కు టన్నుకు 223 హార్స్‌పవర్, 1,605 కిలోల ఎం3కి 262. సున్నా నుంచి వందకు కంపెనీలు చెప్పిన లెక్క ఒకదానికి 5.2 సెకన్లు, ఇంకోదానికి 4.9. ఇంత ఇంజన్, ఇంత పెట్రోలు ఖర్చు చేసి నేను కొనుక్కున్నది 0.3 సెకన్లన్నమాట! అయితే ఆ లెక్క డ్రైవరు ఒక్కడే ఉన్నప్పటిది. ఎలీజ్‌లో పక్కన 75 కిలోల మనిషి కూర్చుంటే కారు బరువు దాదాపు 9 శాతం పెరిగినట్టు, పికప్‌లో వెంటనే తెలిసేది. ఎం3కి అదే మనిషి 5 శాతం కూడా కాదు. వెనక ఇద్దరు, డిక్కీ నిండా సంచులు ఉన్నా పెద్దగా లెక్కచేయదు.

మొదటి మూడు నెలలు మాత్రం తప్పు చేశాననే నమ్మాను. గట్టిగా బ్రేకు నొక్కితే కారు ముందు భాగం దారి వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ కదిలేది. లారీ టైర్లకు అణిగిన గాడులు రోడ్డు మీద ఉంటే వాటి వెంట పడి పోయేది. ఒక గ్యారేజీలో వెనక డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) పోయిందన్నారు. ఇంకో చోట స్టీరింగ్ ర్యాక్ మార్చాలన్నారు. రెండూ జేబుకు చిల్లు పెట్టే పనులే. ఆ టెన్షన్‌లో కారు అమ్మేద్దామా అని కూడా అనుకున్నాను.

అసలు తప్పు నాది. కొనేటప్పుడు ఇంజన్ శబ్దానికి మైమరచిపోయి, సర్వీసు పుస్తకంలో ముద్రలు లెక్కపెట్టి, టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చూడలేదు. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. ముందు టైర్లకు తొమ్మిదేళ్లు నిండాయి. టైరు మీది గాడులు లోతుగా ఉన్నాయి కదా, బాగానే ఉన్నాయనుకున్నాను. రబ్బరేమో చెక్కలా బిగుసుకుపోయింది. వెనకవి వేరే రకం. మూడో మెకానిక్ కారును లిఫ్ట్ మీదికెక్కించి, ముందు సస్పెన్షన్ ఆర్మ్‌ను ఇనుప కడ్డీతో అటూ ఇటూ ఆడించి చూపించాడు. బుష్‌ల (కీళ్లలో ఉండే మెత్తల) రబ్బరు పగిలి విడిపోయి ఉంది. కొత్త బుష్‌లు, నాలుగూ ఒకే రకం టైర్లు, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. డిఫరెన్షియల్‌నూ ర్యాక్‌నూ ఎవరూ ముట్టుకోలేదు, ఈరోజుకీ అవే ఉన్నాయి.

ఈ ముచ్చట ఇంత పొడుగ్గా ఎందుకు చెబుతున్నానంటే, తేలిక కారు నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే మోసపోతారు. "బరువు కారు కదా, ఇంతేలే" అని సరిపెట్టుకునే లక్షణాల్లో సగం బరువు వల్ల వచ్చినవి కావు, రబ్బరు వయసు వల్ల వచ్చినవి. పదిహేనేళ్ల సెడాన్‌ను నడిపి చూసి ఆ మోడల్ మీద తీర్పు చెప్పకూడదు. ముందు దాని కీళ్లు మార్పించాలి.

అన్నీ మార్చాక మిగిలింది అసలు బరువు. దాన్ని ఏ మెకానిక్ తీసెయ్యలేడు. వంద కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపడానికి, డ్రైవరుతో కలిపి, ఎలీజ్ బ్రేకులు సుమారు 360 కిలోజూళ్ల శక్తిని వేడిగా మార్చాలి. ఎం3 బ్రేకులైతే దాదాపు 650. కొండదారి దిగుతున్నప్పుడు ఆ తేడా ముక్కుకే తెలుస్తుంది, బ్రేకు ప్యాడ్ల వాసన రూపంలో. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చడం ఎలీజ్‌తో నాకు పద్ధతి కోసం చేసే పని, ఎం3తో ప్రాణావసరం. వెనక టైర్లు ఎలీజ్‌కు 20,000 కిలోమీటర్లు వచ్చేవి. ఇక్కడ 14,000 వస్తే సంతోషం.

నడిపే తీరు కూడా మారిపోయింది. ఎలీజ్‌లో మలుపంటే ఒక్క మాట: అనుకుంటావు, తిరుగుతుంది. ఎం3లో అది పూర్తి వాక్యం. ముందుగా బ్రేకు వేసి, ముక్కు మీద బరువు కుదురుకునేదాకా ఒక క్షణం ఆగి, స్టీరింగ్ తిప్పి, అప్పుడు యాక్సిలరేటర్ తొక్కాలి. క్రియ చివర్న వస్తుంది. ఆ క్రియ మాత్రం బ్రహ్మాండం. వెనక చక్రాల వేగాల్లో తేడా వచ్చేకొద్దీ డిఫరెన్షియల్ బిగుసుకుని, కారును వెనక నుంచి చేత్తో నెట్టినట్టు మలుపులోంచి బయటికి పంపుతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అంతవరకూ దీన్ని ఎలీజ్‌లాగే నడపబోయి, ముందు టైర్లను అరగదీసి, కారునే తిట్టుకున్నాను.

ఇది ఇచ్చిన సుఖాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎవరైనా ఊహించగలరు. డిక్కీ 450 లీటర్లు. సస్పెన్షన్‌ను బటన్‌తో మూడు రకాలుగా మార్చుకోవచ్చు. నేను దాదాపు ఎప్పుడూ మెత్తటిదాంట్లోనే ఉంచుతాను, గతుకుల రోడ్డు మీద టైరు నేలను వదలకుండా ఉండేది అందులోనే. ఆరు గంటలు నడిపి దిగినా నడుము నొప్పి ఉండదు. పాప వెనక నిద్రపోతుంది. ఎలీజ్‌లో ఏడాదికి ఆరు వేల చిల్లర కిలోమీటర్లు తిరిగితే, ఇందులో పదిహేను వేలు దాటుతోంది. ఎక్కువ తిరగనిచ్చే కారే మంచి కారని వాదించేవాళ్లతో ఇప్పుడు గట్టిగా పోట్లాడలేను.

పోగొట్టుకున్నదీ ఉంది. అది వేగం కాదు, వేగం అక్కర్లేకపోవడం. ఎం3 స్టీరింగ్ హైడ్రాలిక్‌ది, ఇప్పటి ఎలక్ట్రిక్ స్టీరింగ్‌లతో పోలిస్తే చాలా నయం. అయినా నలభైలో, యాభైలో అది నాతో మాట్లాడదు. అది నోరు విప్పే వేగంలో నేను మామూలు రోడ్డు మీద ఉండకూడదు. రెండో గేరులో 8,000 దాకా లాగేసరికే వంద దాటేస్తుంది. అందుకే ఇంజన్‌ను పూర్తిగా వినే అవకాశం రోజుకు ఒకటి, మహా అయితే రెండుసార్లు, పెద్ద రోడ్డెక్కే ర్యాంపు మీద దొరుకుతుంది. ఎలీజ్‌తో ప్రతి చౌరస్తా ఒక అవకాశమే. ట్రాక్ డేలకు (రేసు ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే రోజులకు) వెళ్లే అలవాటున్నవాళ్లకు ఈ లోటు తెలియకపోవచ్చు. నాకు ఆ అలవాటు లేదు.

మేపుడు సంగతి. ఏనుగును కొనడం కాదు, మేపడం తెలియాలి. ట్రాఫిక్‌లో లీటరుకు 6 నుంచి 7 కిలోమీటర్లు, హైవే మీద 9 దాటుతుంది. ఇంజన్‌లో 8.8 లీటర్ల 10డబ్ల్యూ-60 రకం ఆయిల్ పడుతుంది. ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ లేదు, స్క్రీన్ మీదే చూసుకోవాలి. ఈ ఇంజన్ గురించి అందరికీ తెలిసిన విషయాలు రెండు. థ్రాటిల్‌లను కదిలించే మోటార్లు వయసు మీదపడ్డాక మొరాయిస్తాయి. అంతకంటే పెద్దది క్రాంక్‌షాఫ్ట్ మీద కూర్చునే రాడ్ బేరింగ్‌ల అరుగుదల. ఆ అరుగుదల బయటికి వినపడేసరికి పని అయిపోయినట్టే. 2009 నాటి బేరింగ్‌లలో సీసం, రాగి ఉంటాయి. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ కాస్త పాత ఆయిల్ ల్యాబ్‌కు పంపేవాణ్ణి, ఆ రెండూ పెరుగుతున్నాయేమో చూడటానికి. చివరికి పరీక్షలతో కాలం గడిపేకంటే మేలని, ఏ శబ్దమూ రాకముందే కొత్తవి వేయించాను. అలాంటి కారు చవగ్గా దొరికిందని ఎవరైనా చెబితే, బేరింగ్‌లు మార్చిన బిల్లు ఉందా అని మాత్రం అడుగుతాను. లేకపోతే ఆ చవక తడిసి మోపెడవుతుంది.

మళ్లీ అదే పరిస్థితి వస్తే మారుస్తానా? మారుస్తాను, ఇదే కారుకు. రెండు కార్లకు చోటుంటే మాత్రం ఎలీజ్‌ను అమ్మేవాణ్ణి కాదు.

ఈ కారులో నాకు అన్నిటికంటే నచ్చినది ఎవరూ పెద్దగా చెప్పుకోనిది. ఆర్‌పీఎమ్ మీటరు అంచున చిన్న చిన్న లైట్లు ఉంటాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎర్ర గీత (ఇంజన్‌ను దాటించకూడని హద్దు) కిందికి దిగి ఉంటుంది. ఆయిల్ వేడెక్కేకొద్దీ లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతూ గీత పైకి జరుగుతుంది. అన్నీ ఆరేదాకా నేను 3,500 దాటించను. మొదట్లో మా ఆవిడ ఆ మీటరు వైపు చూసేదే కాదు. మొన్న పొద్దున ర్యాంపు దగ్గరికి వచ్చి మూడో గేరు నుంచి రెండుకు దించబోతుంటే, ఫోన్‌లోంచి తలెత్తి, "ఆగండి, ఇంకా రెండు ఉన్నాయి" అంది.