ట్రెబోన్: రెండు రాత్రులు ఉండదగ్గ చెరువుల ఊరు

భీమవరం చెరువుగట్ల మీద పెరిగినవాణ్ణి. చెక్ దేశంలోనూ చేపల చెరువులకు పేరుపడ్డ చిన్న ఊరు ఉందని విన్నప్పటి నుంచి మనసు అటే లాగింది. అక్టోబరులో ప్రాగ్‌లో రైలెక్కి, వెసెలీలో మారి, దక్షిణ బొహీమియాలోని ట్రెబోన్‌లో దిగాను.

మొదటి రాత్రి పక్క పల్లెలో బస. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే చెరువే. కానీ సాయంత్రానికే వంటగది మూసేశారు, ఆ సంగతి ముందుగా చెప్పలేదు. తిండి కోసం చీకట్లో ఊళ్లోకి సైకిలు తొక్కాను. రెండో రాత్రికి పాత కోటగోడల లోపలి అతిథిగృహానికి మారాను. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి అదే మేలు.

సైకిలు మాత్రం తప్పక అద్దెకు తీసుకోండి. నేలంతా బల్లపరుపు. ఊరి ఉత్తరాన ఉన్న రోజ్మ్‌బెర్క్ చెరువు దాదాపు 490 హెక్టార్లు. 1584-1590 మధ్య యాకుబ్ కర్చీన్ కట్టించాడు. గట్టు మీద ముసలి ఓక్ చెట్లు, వాటి వేళ్లు మట్టిని పిడికిట పట్టినట్టున్నాయి. అంతకు ముందే ష్టెపానెక్ నెటొలిత్స్కీ తవ్వించిన 'బంగారు కాలువ' లుజ్నిత్సే నది నీటిని చెరువులకు పంచి, మళ్లీ నదికే చేరుస్తుంది. డెల్టా కాలువలు ఎరిగిన నాకు ఆ తూముల దగ్గర ఎంతసేపు నిలబడినా తనివి తీరలేదు.

ఇక్కడ రాజ్యమంతా మన బంగారు తీగ (కామన్ కార్ప్) చేపదే. క్రిస్మస్ ముందురోజు రాత్రి చెక్ ఇళ్లలో వండే చేప కూడా ఇదే. పట్టిన చేపను నేరుగా అమ్మరు. పారే మంచినీటి తొట్లలో కొన్నాళ్లు ఉంచుతారు, బురద వాసన పోతుంది. సన్న ముళ్లు నలిగేలా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి, పొడుగు ముక్కలుగా కోసి వేయిస్తారు. నిమ్మరసం పిండుకుని రెండు పళ్లేలు తిన్నాను. కారం లేదన్న లోటు తోచలేదు.

తెల్లవారుజామున ఒక చిన్న చెరువు పట్టుబడి చూశాను. నీరు తీసేయగా చేపలన్నీ లోతు మడుగులోకి చేరాయి. రబ్బరు దుస్తుల్లో మనుషులు నడుములోతు నీళ్లలో వల దగ్గరికి లాగుతుంటే గట్టు మీద జనం ఆవిర్లు కక్కే టీతో నిలబడి చూస్తున్నారు. పెద్ద చెరువు పట్టుబడి చూడాలంటే తేదీలు కనుక్కున్నాకే బస ఖాయం చేసుకోండి.