నెట్ రాని లాప్‌టాప్‌కి ఏది మేలు: నెట్‌వర్క్‌మేనేజరా, నెట్‌వర్క్‌డీయా?

లినక్స్ లాప్‌టాప్‌లో వైఫై మొండికేసినప్పుడల్లా నన్ను ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది: నెట్‌వర్క్‌మేనేజర్ తీసేసి సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ (క్లుప్తంగా నెట్‌వర్క్‌డీ) పెట్టుకుంటే ఈ గోల వదులుతుందా? రెండూ లినక్స్‌లో నెట్ కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రాములే. నేనూ అలాగే అనుకుని మారాను. నెట్‌వర్క్‌డీకి తోడు, వైఫైలో చేరే పని చూసే ఐడబ్ల్యూడీ అనే ప్రోగ్రాం పెట్టుకున్నాను. నాలుగు నెలలు వాడి మళ్ళీ వెనక్కి వచ్చాను.

ఏది త్వరగా కనెక్ట్ అవుతుంది, ఏది తక్కువ మెమరీ తింటుంది అని చాలామంది చూస్తారు. నాకు అవి పెద్ద విషయాలు కావు. నెట్ రానప్పుడు పని ఎక్కడ ఆగిపోయిందో నాకు చెబుతుందా లేదా? నేను తేల్చుకునేది దీన్నిబట్టే.

నెట్‌వర్క్‌మేనేజర్ లాగ్‌ని, సిస్టమ్ లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో తెరిస్తే కనెక్ట్ అయ్యే మెట్లు వరసగా కనిపిస్తాయి: ప్రిపేర్, కాన్ఫిగ్, నీడ్-ఆథ్, ఐపీ-కాన్ఫిగ్, చివరికి యాక్టివేటెడ్. మెట్టు మారిన ప్రతిసారీ పక్కనే కారణం కూడా రాస్తుంది. నీడ్-ఆథ్ దగ్గర ‘నో-సీక్రెట్స్’ అని ఆగిందంటే పాస్‌వర్డ్ సంగతి చూడాలి. ఐపీ-కాన్ఫిగ్ దాకా వచ్చి ఆగిందంటే పాస్‌వర్డ్ సరిపోయింది, రౌటర్‌తో మాట కలిసింది, ఐపీ అడ్రస్ మాత్రం రాలేదని అర్థం. మామూలుగా డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్ ఇచ్చే పద్ధతి) జవాబు కోసం 45 సెకన్లు చూస్తుంది, ఆ సంగతీ లాగ్‌లో ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే డ్రైవర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ సాయంత్రమంతా పోగొట్టుకోనక్కర్లేదు.

అదే నెట్‌వర్క్‌డీ దగ్గర దాని కమాండ్ నెట్‌వర్క్‌సీటీఎల్ కొడితే ‘నో-క్యారియర్’ (లింక్ లేదు) అంటుంది. రౌటర్ ఆగిపోయినా అదే మాట, పాస్‌వర్డ్ తప్పినా అదే మాట. వైఫైలో చేరే పని దానిది కాదు కాబట్టి అసలు కారణం దానికి తెలియదు, ఐడబ్ల్యూడీ లాగ్‌లో విడిగా వెతుక్కోవాలి. ఐపీ రాకపోతే ‘డిగ్రేడెడ్’, ‘కాన్ఫిగరింగ్’ అని చూపిస్తూ లోపల ప్రయత్నిస్తూనే ఉంటుంది.

అయితే ఎప్పుడూ కేబుల్ మీదే ఉండే మెషీన్‌కి నెట్‌వర్క్‌డీయే హాయి. నాలుగైదు లైన్ల ఫైలు రాస్తే చాలు, అందులో ఉన్నదే జరుగుతుంది. కేబుల్ పెట్టకుండా ఆన్ చేస్తే మాత్రం కొన్ని సిస్టమ్‌లలో బూట్ రెండు నిమిషాలు ఆగిపోతుంది. నెట్ వచ్చేదాకా ఆగే వెయిట్-ఆన్‌లైన్ సర్వీస్ మామూలుగా 120 సెకన్లు ఎదురుచూడటమే కారణం.

నెట్‌వర్క్‌మేనేజర్ తప్పులూ చెప్పాలి. అన్నీ గుర్తు పెట్టుకోవడమే దాని జబ్బు. ఒకే వైఫైకి పాత ప్రొఫైల్ (సేవ్ చేసుకున్న సెట్టింగ్‌లు) ఒకటి, చివర 1 తగిలించుకున్న కొత్తది ఒకటి పేరుకుపోతాయి, ఒక్కోసారి అది పాతదాన్నే పట్టుకుంటుంది. రెండూ డిలీట్ చేసి మళ్ళీ కనెక్ట్ అయితే చాలాసార్లు సరిపోతుంది. కనెక్ట్ అయ్యాక కాసేపటికి నెమ్మదిస్తుంటే దాని కాన్ఫిగ్‌లో వైఫై పవర్‌సేవ్ (కరెంటు పొదుపు) విలువ 2 పెట్టి చూడండి, 2 అంటే ఆఫ్.

అసలు చిక్కంతా నెట్‌వర్క్‌మేనేజర్, నెట్‌వర్క్‌డీ రెండూ ఒకేసారి నడిచినప్పుడు వస్తుంది. వెనక్కి మారిన రోజు నేను నెట్‌వర్క్‌డీని, ఐడబ్ల్యూడీని ఆపడం మర్చిపోయాను. కొన్ని నిమిషాలకోసారి నెట్ తెగిపోతుంటే ముందు రౌటర్ మీదే అనుమానపడ్డాను. చివరికి నెట్ ఏ దారిన వెళ్తుందో చూపించే ఐపీ రూట్ కమాండ్ కొడితే డీఫాల్ట్ అనే లైన్లు రెండు కనిపించాయి, ఒకదాని మెట్రిక్ (ఏ దారి ముందో చెప్పే అంకె) 600, ఇంకోదాని మెట్రిక్ 1024. వైఫైకి 600 వేసేది నెట్‌వర్క్‌మేనేజర్, 1024 నెట్‌వర్క్‌డీది. ఒకే కార్డు మీద ఇద్దరు పెత్తనం చేస్తున్నారని అప్పుడు తెలిసింది. నెట్‌వర్క్‌డీ, ఐడబ్ల్యూడీ రెండింటినీ డిసేబుల్ చేశాక నెట్ ఒక్కసారి కూడా తెగలేదు. డెబియన్ లినక్స్‌లో దీనికి తిరగేసిన చిక్కు ఉంది: నెట్‌వర్క్ సెట్టింగ్‌లు రాసుకునే పాత ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో కార్డు పేరు ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని ముట్టుకోదు, ‘అన్‌మేనేజ్డ్’ అని చూపిస్తుంది. ఆ లైన్లు తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చేయాలి.

ఇలాంటి పని చేసేవే ఇంకో రెండున్నాయి. కాన్‌మ్యాన్ చిన్న పరికరాలకు బాగుంటుంది, డెస్క్‌టాప్‌కి నేను చెప్పను. విక్డ్ పాత పైథాన్ 2 భాషతోనే ఆగిపోయింది, దాని జోలికి వెళ్ళకండి.

రోజుకో వైఫైకి మారే లాప్‌టాప్ అయితే నెట్‌వర్క్‌మేనేజరే ఉంచుకోండి. ఐడబ్ల్యూడీ నచ్చితే, కాన్ఫిగ్‌లో డివైస్ విభాగం కింద వైఫై బ్యాకెండ్‌గా దాని పేరు రాసి నెట్‌వర్క్‌మేనేజర్‌తోనే వాడుకోవచ్చు. ఇప్పటికిప్పుడు మీకు నెట్ రావడం లేదంటే, ఏదీ మార్చకముందు నెట్‌వర్క్‌మేనేజర్ కమాండ్ ఎన్‌ఎంసీఎల్‌ఐతో లాగింగ్ లెవెల్‌ని ట్రేస్‌కి (అన్నీ వివరంగా రాసే స్థాయికి) పెంచి, ఒక్కసారి కనెక్ట్ చేసి, ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి.