హోటల్ హాల్లో లా సీటు కొనేవాళ్లకు హెచ్చరిక (శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులు తప్పక చదవండి)

ఇంటర్ ఫలితాలు వచ్చాక మన జిల్లాల్లో హోటల్ హాళ్లు అద్దెకు తీసుకుని ‘స్పాట్ అడ్మిషన్ మేళా’ అని నడిపే తంతు గురించి ఇది. పిల్లల్ని అయిదేళ్ల లా కోర్సులో చేర్చాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే చదవండి.

మా తమ్ముడిది పలాస, జీడిపప్పు వ్యాపారం. కూతురికి లాయరు కావాలని కోరిక. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర జరిగిన అలాంటి మేళాకు వెళ్లి, పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీబీఏ ఎల్ఎల్‌బీ (బిజినెస్ డిగ్రీ, లా కలిపిన అయిదేళ్ల కోర్సు) సీటుకు 30,000 రూపాయలు కట్టాడు. పిల్ల ఇంటర్ మార్కుల మెమో, టీసీ ‘వెరిఫికేషన్’ కోసమంటే అక్కడే అప్పగించాడు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి విశ్వవిద్యాలయం పేరు గాని, మధ్యవర్తి పేరు గాని రాయడం లేదు.

నేను దస్తావేజు లేఖరిని. కాగితం చేతికొస్తే ముందు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి. తమ్ముడు రశీదు తెచ్చి నా బల్ల మీద పెట్టి, “అన్నయ్యా, సీటు వచ్చేసింది, చూడు” అన్నాడు. పైన విశ్వవిద్యాలయం చిహ్నం రంగుల్లో మెరుస్తోంది. సొమ్ము అందుకున్నది మాత్రం ఒక కన్సల్టెన్సీ. ఏ పద్దు కింద అని చూస్తే ‘కౌన్సెలింగ్ సేవా రుసుము’ అని ఉంది. ట్యూషన్ ఫీజు అన్న మాట కాగితం మొత్తం మీద ఎక్కడా లేదు. కిందనే ‘ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి చెల్లించబడదు’ అని రబ్బరు ముద్ర. అంటే మావాడు కట్టింది సీటుకు కాదు, సీటు గురించి వాళ్లు చెప్పిన కబుర్లకు.

బ్రోచర్‌లో యూజీసీ (విశ్వవిద్యాలయాలను గుర్తించే కేంద్ర సంస్థ) గుర్తింపు, న్యాక్ (నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) గ్రేడు పెద్ద అక్షరాల్లో వేశారు. “అవన్నీ నిజమే కదా పెదనాన్నా, నేను ఇంటర్నెట్‌లో చూశాను” అంది పిల్ల. నిజమే. కాని న్యాక్ గ్రేడు విశ్వవిద్యాలయం మొత్తానికి ఇచ్చేది, లా కోర్సుకు ఇచ్చేది కాదు. లా పట్టాతో నల్లకోటు వేసుకోవాలంటే 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావాలి, అంటే న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకోవాలి. ఆ పట్టా, లా చదువులకు ప్రమాణాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉన్న కాలేజీది అయితేనే ఎన్‌రోల్ చేసుకుంటారు. దాంతోపాటు ఆల్ ఇండియా బార్ పరీక్ష ఎలాగూ రాయాలి. అనుమతి లేని చోట అయిదేళ్లు చదివితే చేతికొచ్చేది గోడకు తగిలించుకునే పట్టా.

మధ్యవర్తికి ఫోను చేసి, బార్ కౌన్సిల్ అనుమతి పత్రం పంపమన్నాను. “అన్నీ ఉన్నాయి సార్, అంత పెద్ద యూనివర్సిటీకి లేకుండా ఉంటుందా?” అన్నాడు. గట్టిగా పట్టుబడితే చివరికి ఫోనుకు ఒక కాగితం పంపాడు. అది బీఏ ఎల్ఎల్‌బీకి ఇచ్చిన అనుమతి, మా పిల్లకు చూపించిన బీబీఏ ఎల్ఎల్‌బీకి కాదు. అదైనా అదే విశ్వవిద్యాలయానికి మరో ఊళ్లో ఉన్న క్యాంపస్‌కు ఇచ్చింది. అందులో రాసిన విద్యా సంవత్సరాలు కూడా దాటిపోయాయి. సర్వే నంబరు ఒకటి, హద్దులు మరొకటి, పట్టాదారు ఇంకొకరు అన్నట్టుంది ఆ పత్రం. ఇదే మాట అతనితో అంటే, “కొత్త కోర్సు సార్, ఈ ఏడాదే మొదలుపెట్టాం, అప్రూవల్ ప్రాసెస్‌లో ఉంది” అన్నాడు.

ఆ ‘ప్రాసెస్‌లో ఉంది’ దగ్గర ఆగి ఆలోచించండి. కొత్త లా కాలేజీలకు అనుమతులు ఇవ్వకుండా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2025 ఆగస్టులో మూడేళ్ల మారటోరియం (తాత్కాలిక నిలుపుదల) విధించింది. ఉన్న కాలేజీలు కూడా ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా కొత్త కోర్సు, కొత్త సెక్షన్, కొత్త బ్యాచ్ మొదలుపెట్టకూడదు. కాబట్టి ‘ఈ ఏడాదే ప్రారంభం’ అని గొప్పగా చెప్పే లా కోర్సు ఏదైనా సరే, ఆ అనుమతి కాగితం కళ్ల ముందు పెట్టేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి. కాగితంలో చూడాల్సింది కోర్సు పేరు, క్యాంపస్ ఉన్న ఊరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అనుమతి ఉందన్నది, ఎన్ని సెక్షన్లన్నది. బార్ కౌన్సిల్ లెక్కలో సెక్షనుకు 60 మంది.

మేళాలో మా తమ్ముడికి చెప్పిన ఇంకో తీపి కబురు: అమ్మాయి ఇంటి దగ్గరే ఉండవచ్చు, హాజరు సంగతి మేం చూసుకుంటాం, పరీక్షలకు వస్తే చాలు. బార్ కౌన్సిల్ నిబంధనల్లో ప్రతి సబ్జెక్టుకూ 70 శాతం హాజరు ఉండాలి. అయిదేళ్ల కోర్సులో కనీసం 20 వారాల ఇంటర్న్‌షిప్ కూడా చేయాలి. బయోమెట్రిక్ హాజరు పెట్టాలని 2024లో కాలేజీలకు సర్క్యులర్ కూడా వెళ్లింది. ‘చూసుకుంటాం’ అన్నవాళ్లు రేపు సమస్య వస్తే పట్టించుకోరు.

అసలు మనవాళ్లు ఈ వలలో పడటానికి ఒక కారణం ఉంది. ఏపీ లాసెట్ (మన రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష) రాసి ర్యాంకు తెచ్చుకున్నా, కౌన్సెలింగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియక ఎదురుచూడటం మనకు అలవాటే. ఈలోగా ఇంజినీరింగ్, డిగ్రీ సీట్లు నిండిపోతుంటాయి, ఇంట్లో కంగారు మొదలవుతుంది. మేళాలు సరిగ్గా ఆ వారాల్లోనే వస్తాయి. ‘లాసెట్ ఈసారి జరిగేది అనుమానమే’ అని తమ్ముడికి చెప్పినవాడు ఆ కంగారునే అమ్ముకున్నాడు. కన్వీనర్ కోటా (లాసెట్ ర్యాంకుతో కౌన్సెలింగ్‌లో వచ్చే) సీటుకు ఉండే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇలా బయట కొనుక్కున్న సీటుకు రాదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

లాసెట్ అంత భయపడాల్సిన పరీక్షేమీ కాదు. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, తెలుగులోనూ చదువుకుని రాయవచ్చు. అర్హతకు 35 శాతం చాలు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలైతే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయవచ్చు. 2008లో ఏర్పాటైన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విశాఖ పక్కన సబ్బవరంలోనే ఉంది. అక్కడ ఫీజు ఎక్కువ, పోటీ ఎక్కువ, అందరికీ రాదు. అయినా పొరుగు రాష్ట్రంలో అనుమతి లేని కోర్సుకు లక్షలు పోసే బదులు, ఒక ఏడాది ఆగి మళ్లీ రాయడం నయమని నా అభిప్రాయం. మా ఇంట్లో అందరూ దీనికి ఒప్పుకోరు.

ఇప్పటికే కట్టేసినవాళ్ల కోసం మా అనుభవం చెబుతాను. విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థ దగ్గర ఉంచుకోకూడదని, అక్కడికక్కడే పరిశీలించి వెనక్కివ్వాలని యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. దాన్ని ఉటంకిస్తూ విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాక మెమో, టీసీ తిరిగి వచ్చాయి. ఫోన్లకు కదలనివాళ్లు అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డుకు కదిలారు. ప్రవేశాల గడువుకు 15 రోజుల ముందే రద్దు చేసుకుంటే ఫీజు మొత్తం ఇవ్వాలని, ప్రాసెసింగ్ పేరిట అయిదు శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా మాత్రమే పట్టుకోవచ్చని కూడా అదే నోటిఫికేషన్ చెబుతుంది. డబ్బు విషయంలో అది మాకు అక్కరకు రాలేదు. “మాకు మీరు ఫీజే కట్టలేదు, కన్సల్టెన్సీని అడగండి” అని విశ్వవిద్యాలయం జవాబు. రశీదు వాళ్ల పేరున లేకపోవడం వెనుక ఉన్న తెలివి అదే.

అయితే అదే రశీదు మరో దారి తెరిచింది. విద్యార్థి వినియోగదారు కాదని సుప్రీంకోర్టు 2010లో ఒక విశ్వవిద్యాలయం కేసులో చెప్పింది కాబట్టి విద్యాసంస్థ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఆ వాదన ఎదురవుతుంది. కన్సల్టెన్సీ మాత్రం సేవా రుసుము పుచ్చుకున్నామని స్వయంగా ముద్ర వేసి ఇచ్చింది. ఆ కాగితంతోనే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. అయిదు లక్షల లోపు సొమ్ము కట్టిన వ్యవహారాలకు అక్కడ కోర్టు ఫీజు లేదు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా నమోదు చేసుకుంటారు.

ఆ మేళాలో కట్టినవాళ్లు మరికొందరు ఉన్నారని తెలుసు. రశీదు పారేయకండి, ఫోనులో వచ్చిన సందేశాలు చెరపకండి. ఇప్పుడు అవే రంగుల పోస్టర్లు విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల కనిపిస్తున్నాయి. వెళ్లి వినాలనుకుంటే వెళ్లండి, ఒరిజినల్స్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.